నేను రాసిన ధన్యవాదాల ఉత్తరం

మా వంటింటి కిటికీ తెరిస్తే కుంట కనిపిస్తుంది. కనిపించడంతో ఆగితే బాధ లేదు. మధ్యాహ్నం పన్నెండున్నర దాటేసరికి వాసన లోపలికి వస్తుంది. కుళ్ళిన గుడ్డు, ఫినాయిలు, బాత్రూం సబ్బు, మనుషుల కడుపుల్లోంచి పోయింది, అన్నీ కలిపి ఎండలో ఉడకబెట్టినట్టు ఉంటుంది. సరిగ్గా నేను స్వామికి మహానైవేద్యం పెట్టే వేళ. పళ్ళెంలో అన్నం, ముద్దపప్పు, నెయ్యి. వాటి మీద ఆ వాసన. చాలా రోజులు ముక్కు బిగపట్టుకునే నైవేద్యం పెట్టాను. పెట్టి, దణ్ణం పెట్టుకుని, అదే అన్నం తినలేక పెరుగు పోసుకుని మింగేదాన్ని.

ఈ ఫ్లాటు కొన్నప్పుడు బిల్డరు ఇచ్చిన రంగుల పుస్తకంలో ఆ కుంటలో హంసలు ఉన్నాయి. పుప్పాలగూడలో హంసలేమిటని మావారు నవ్వారు. నేను మాత్రం నీటి ఎదురుగా ఇల్లు దొరకడం అదృష్టమని గృహప్రవేశం రోజున కుంట వైపు తిరిగి హారతి ఇచ్చాను. గోదావరి జిల్లా నుంచి వచ్చినదాన్ని. మావారి ఉద్యోగరీత్యా వచ్చి, మూసాపేటలో కిరాయి ఇంట్లో పదేళ్ళు టాంకరు నీళ్ళతో గడిపాను. నీరు కంటికి కనిపిస్తే చాలు, కడుపు నిండినట్టుండేది నాకు.

నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు ఆయాసం ఉండేది. నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. లెక్కలకంటే ఉత్తరాలు రాయించడం ఆయనకి ఇష్టం. ప్రతి ఆదివారం ఒకరికి ధన్యవాదాలు చెబుతూ ఉత్తరం రాయాలి. పోస్టుమాన్‌కి, నాకు మందిచ్చే డాక్టరుగారికి, ఒకసారి మా గేదెకి కూడా రాశాను. ఎవరినైనా ఏదైనా అడగాల్సి వస్తే, వాళ్ళు ఇంకా చేయని పనికి కూడా ముందే కృతజ్ఞత చెప్పి అప్పుడు అడగమనేవారు. ఉత్తరం నాలుగు మూలలా పసుపు అద్దించేవారు. పెళ్ళిశుభలేఖకే ఎందుకు, మంచి మాట మోసుకెళ్ళే ప్రతి కాయితమూ శుభలేఖే అనేవారు. ఆ అలవాటు నాకు యాభై ఏళ్ళొచ్చినా పోలేదు. పొద్దున్న లేచి కుళాయి తిప్పే ముందు నీటికి దణ్ణం పెడతాను. గ్యాసు వెలిగితే దానికీ. మా అమ్మాయి చిన్నప్పుడు, "అమ్మా, లిఫ్టుకి కూడా థ్యాంక్స్ చెబుతావా?" అని ఆటపట్టించేది. చెబుతాను. మోకాళ్ళు నొప్పి మరి.

అమ్మాయికి కూడా మూడో తరగతి దాకా నేనే ఇంట్లో చెప్పాను. పుస్తకంలో ఉన్నది సగం, నాకు తెలిసింది సగం. నీళ్ళలో ఉమ్మకూడదు. నీళ్ళబిందెకి కాలు తగలకూడదు. చెరువు గట్టున మలమూత్రాలు చేయకూడదు. నీళ్ళలో దిగే ముందు ఒక్క క్షణం ఆగి దణ్ణం పెట్టాలి.

"ఎందుకమ్మా?"

"నీళ్ళు దేవుడు కనక."

"నిజంగానా?"

"నిజంగానే."

ఇంత చెప్పి నేను పోపు చూసుకోవడానికి వెళ్ళిపోయుంటాను. అది మాత్రం అక్కడే కూర్చుని నమ్మేసింది. ఆ సంగతి నాకు తెలియడానికి పదిహేనేళ్ళు పట్టింది.

చదువైపోయి అమ్మాయి నానక్‌రామ్‌గూడలో ఒక కంపెనీలో ఉద్యోగంలో చేరింది. షేర్ ఆటోలో వెళ్ళొచ్చేది. మొదటి వేసవిలో ఒకరోజు ఆటో దిగి నాలుగడుగులు వేసి కళ్ళు తిరిగి పడిపోయింది. అద్దాల మేడలు రెండు వైపులా, పైనుంచి ఎండ, పక్కలనుంచి ఆ అద్దాలు విసిరే ఎండ. అదే ఏడు వర్షాకాలంలో ఒక్క గంట వానకి నడుంలోతు నీళ్ళలో నడిచి ఇంటికొచ్చింది. బూట్లు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఎండాకాలంలో తాగడానికి నీళ్ళుండవు. వానాకాలంలో నడవడానికి రోడ్డుండదు. ఈ ఊళ్ళో నేనింకా నలభై ఏళ్ళు బతకాలి కదమ్మా" అంది. నేను తువ్వాలు అందించి, క్షేమంగా చేరినందుకు స్వామికి దణ్ణం పెట్టుకున్నాను. నాకు తోచింది అదే.

కంపెనీలో పర్యావరణ దినమని అందరికీ ఆకుపచ్చ టీషర్టులిచ్చారు. ఒక మొక్క పాతి, దాని చుట్టూ అరవైమంది నిలబడి ఫోటో దిగారు. వారం తర్వాత ఆ మొక్క ఎండిపోతే, ఆ గుంటలోనే ఎవరో సిగరెట్లు నలుపుతున్నారట. అమ్మాయి ఆ టీషర్టు తెచ్చి నా ముందు పడేసింది. "వంటింట్లో మసిగుడ్డకి వాడుకో. దీన్ని ఒంటి మీద వేసుకుంటే దురద పెడుతోంది."

అప్పటినుంచి దానికి తనలాంటివాళ్ళు ఐదుగురు కలిశారు. మా అపార్ట్‌మెంట్ల పిల్లలు నలుగురు, పాత ఊళ్ళో ఉండే అబ్బాయి ఒకడు. సెలవు రోజుల్లో పాత కుంటలు ఎక్కడెక్కడ ఉండేవో వెతుక్కుంటూ తిరిగేవాళ్ళు. ఒక కుంట నిండితే దాని అలుగు నీళ్ళు కింది కుంటలోకి పోయేవని, ఆ దారులన్నీ ఇప్పుడు సెల్లార్ల కింద ఉన్నాయని, ఎండ పెరగడానికీ వాన ముంచడానికీ మధ్య ఈ పూడ్చిన నీళ్ళే ఉన్నాయని భోజనాల దగ్గర చెప్పేది. మావారు పేపరు మడిచి, "ముందు అన్నం తిను" అనేవారు.

వాసన సంగతి దానికి అసలు తెలియదు. పన్నెండున్నరకి ఆఫీసులో ఉంటుంది. ఒకరోజు జ్వరమొచ్చి ఇంట్లో పడుకుంది.

"అమ్మా, ఏంటీ కంపు?"

"రోజూ వచ్చేదే. కిటికీ వేసేస్తానుండు."

"రోజూనా? రోజూ నువ్వు ఇందులోనే పూజ చేస్తున్నావా?"

జ్వరంతోనే కిందకి దిగింది. వెనక గేటు పక్కన ఇస్త్రీ బండి పెట్టుకునే ఆవిడని అడిగింది. ఆవిడ పాత పుప్పాలగూడకి కోడలిగా వచ్చిన మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద.

"మీ కాడికెళ్ళే వస్తది బిడ్డా, ఇంకెక్కడికెళ్ళి?" అందట ఆవిడ, బొగ్గుల పెట్టె దించకుండానే. "దినాం గీ టాంకర్ వస్తది, మీ సెల్లార్ల పీల్చుకుంటది, గట్టు మీద నిలబడి కుంటల ఇడుస్తది. నా పెండ్లైన కొత్తల గా నీళ్ళే తాగినం. బతుకమ్మను గీ కుంటలనే సాగనంపినం. పోయినేడు నా మనుమరాలు బతుకమ్మను ఇడిసిపెట్టి కాళ్ళు కడుక్కున్నది, ఒళ్ళంతా పొక్కులే. దవాఖానల చూపిచ్చినం. ఎవలకు జెప్పాలె?"

మా సెల్లారులో మురుగు శుద్ధి చేసే ప్లాంటు ఉంది. బయట బోర్డు మీద చేప బొమ్మ, శుద్ధి చేసిన నీళ్ళు మొక్కలకి వాడుతున్నామన్న రాత. అమ్మాయి తలుపు తీసి చూస్తే మోటార్ల మీద సాలెగూళ్ళు. కరెంటు బిల్లు దండగని అసోసియేషన్ వాళ్ళు ఆపేసి ఎంత కాలమైందో. వాచ్‌మన్ దాచుకోకుండా చెప్పేశాడు. "సార్లు చెకింగ్‌కు వస్తే ఆన్ చేస్తం మేడం. పోయినంక బంద్."

అది విన్నాక గానీ నాకు అర్థం కాలేదు. నేను రోజూ పొద్దున్నే శుచిగా స్నానం చేసి, మడి కట్టుకుని, ఆ మడి బట్ట తడిపిన నీళ్ళతో సహా నా ఇంటి మలినాన్నంతా ఆవిడ బతుకమ్మ మీద పోస్తున్నాను. హారతి ఇచ్చిన నీళ్ళలోకే.

అమ్మాయి ఫిర్యాదులు మొదలుపెట్టింది. సెలవు రోజుల్లో ఫోన్లో ఫోటోలు తీసి, సమయం వేసి, సంబంధించిన ప్రభుత్వ ఆఫీసుకి పంపేది. దాని స్నేహితులూ పంపేవారు. ఒక శనివారం నిజంగానే ఇద్దరు అధికారులు జీపులో దిగారు. ఆ రోజు ప్లాంటు గుయ్యిమని తిరిగింది. ఆ తర్వాత నాలుగు రోజులు టాంకరు రాలేదు. నాలుగు రోజులు వాసన లేదు. ఐదో రోజు ఏమవుతుందో చూడకుండానే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. స్వామి విన్నాడు, అధికారులూ విన్నారు అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే అసోసియేషన్ సెక్రటరీగారు మా ఇంటికొచ్చారు. ఆయనదీ మా వైపే. మాట నెయ్యిలా జారుతుంది. "అమ్మగారూ, మీ చేతిరాత ముత్యాలండి. ఆఫీసర్లకి మన కాంప్లెక్స్ తరఫున నాలుగు మంచి ముక్కలు రాసిపెట్టండి. ఈ రోజుల్లో థ్యాంక్స్ చెప్పేవాళ్ళేరండీ?"

కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి రెండు పేజీలు రాశాను. ఇంకు పెన్నుతో. మీరు చేసిన మేలు మా తరతరాలు మరువవని, మా కుంట మళ్ళీ నిర్మలమైందని రాశాను. నాలుగు మూలలా పసుపు అద్దాను. ఆయన దాన్ని రెండు చేతులతో అందుకుని, కళ్ళకద్దుకుని పట్టుకెళ్ళారు.

ఐదో రోజు పన్నెండున్నరకి టాంకరు వచ్చింది.

అమ్మాయి మళ్ళీ ఫిర్యాదు పెట్టింది. మర్నాటికే సమస్య పరిష్కరించబడింది అని జవాబు. ఇంకొకటి పెట్టింది. అదే జవాబు. వాళ్ళ ఆరుగురివీ అంతే. ప్రతి జవాబు కింద ఒక కాయితం జతచేసి ఉంది. ఆదివారం నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే వచ్చి ఫోను నా ఒళ్ళో పెట్టింది.

"ఇది నీ చేతిరాతే కదమ్మా?"

నాదే. నాలుగు మూలలా పసుపు మరకలతో సహా.

"స్థానికులు సంతృప్తి వ్యక్తం చేశారు, ఫైలు మూసేశాం అంటున్నారు. ఎన్నిసార్లు తలుపు కొట్టినా నీ ఉత్తరమే అడ్డంగా నిలబడుతోంది."

"నాలుగు రోజులు రాలేదు కదే... మంచి జరిగిందనుకున్నాను."

"పసుపు కూడా పెట్టావా?"

"శుభమని..."

"ఎవరికి శుభం అమ్మా?"

గట్టిగా అనలేదు. అరిచినా బాగుండేది. ఫోను తీసుకుని కిటికీ దగ్గరకి వెళ్ళి నిలబడింది. "ఇంక రాయం. కూర్చుంటాం."

"ఎక్కడ?"

"టాంకరు ముందు."

మావారు గదిలోంచి వచ్చారు. ముప్పై ఏళ్ళు ప్రభుత్వ ఫైళ్ళు చూసిన మనిషి. "దేనికైనా ఒక పద్ధతుంది. రూలు ప్రకారం వెళ్ళాలి."

"రూలు ప్రకారమే వెళ్ళాం నాన్నా, ఆర్నెల్ల నుంచి. అటువైపు నుంచే రూలు రాలేదు."

"రోడ్డు మీద కూర్చుంటే కేసు పెడతారు. ఉద్యోగం పోతుంది."

"పోతుందేమో." ఆ మాటన్నప్పుడు దాని గొంతు వణికింది. ఆ ఉద్యోగం కోసం అది ఎన్ని రాత్రులు చదివిందో నాకు తెలుసు. భయం లేక చేశారని అంటారు పిల్లల్ని. భయం నేను చూశాను.

గురువారం పన్నెండున్నరకి వెనక గేటు బయట ఆరుగురూ రోడ్డుకి అడ్డంగా కూర్చున్నారు. అమ్మాయి నేను ఉతికి ఆరేసిన తెల్ల చుడీదారు వేసుకుంది. ఒక అట్టముక్క మీద "ఇది మనందరి మలం. కుంటది కాదు" అని రాసి పట్టుకున్నారు. అది చదివి బాల్కనీల్లో కొందరు నవ్వారు, కొందరు ఛీ అన్నారు. ఛీ అనడం ఆ అక్షరాలని చూసి. టాంకరుని చూసి అంతకుముందెప్పుడూ ఎవరూ అనలేదు.

నేను లిఫ్టులో కిందకి దిగి గేటు లోపల మెట్టు మీద నిలబడ్డాను.

"ఇంత చదివించి రోడ్డు మీద కూర్చోబెట్టారండీ" అంది నా పక్కనే నిలబడ్డ రెండో అంతస్తు ఆవిడ. ఆవిడ మొగుడు, "ఏసీలో పెరిగినోళ్ళకి ఎండ కూడా పిక్నిక్కే. వీడియో అయిపోయాక వాళ్ళే లేస్తారు" అన్నాడు.

టాంకరు డ్రైవరు దిగివచ్చి పిల్లల ముందు చేతులు జోడించాడు. "జర లేవుండ్రి తల్లీ. నాకింక మూడు ట్రిప్పులున్నయ్. నేనేం జేస్త? ఆడ పొయ్యమంటే ఆడ పోస్త."

"మీ మీద కోపం లేదన్నా" అంది అమ్మాయి. "ఇవాళ మాత్రం పొయ్యనివ్వం."

"గిట్ల పరేషాన్ జేస్తే నా పని ఊడుతది."

"మాదీ ఊడుతుంది. కూర్చో అన్నా, నీడలో."

డ్రైవరు నిజంగానే నవ్వాడు. అంతలో సెక్రటరీగారు వచ్చారు. మొదట బుజ్జగించారు. తర్వాత తల్లిదండ్రుల పేరు చెప్పి సిగ్గుపడమన్నారు. ఎవరూ కదలకపోయేసరికి డ్రైవరుని టాంకరు వెనక వైపుకి తీసుకెళ్ళారు. ఏమన్నారో నేనున్న చోటికి వినబడింది. "వాల్వు కొంచెం లూజ్ చెయ్యి."

"పిల్లలున్రు సార్."

"కొంచెమే. వాసనకే లేస్తారు."

డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. ఆయనే వంగి తిప్పారు. నన్ను అమ్మగారూ అని పిలిచి నా ఉత్తరం కళ్ళకద్దుకున్న చేతులే.

పిల్లలున్న వైపుకి రోడ్డు పల్లంగా ఉంటుంది అక్కడ. నల్లగా, నురగతో, అది నెమ్మదిగా దిగింది. అందులో జుట్టు ఉంది, మెంతి గింజల్లాంటివి ఉన్నాయి, పిల్లల డైపరు ముక్క ఉంది. ఎండకి ఆవిరి లేచింది. నా పక్కనున్నవాళ్ళంతా ముక్కులు మూసుకుని లోపలికి పరిగెత్తారు. ఆ పొద్దున తమ ఇళ్ళనుంచి వదిలిందాన్ని చూసి.

పిల్లలు లేవలేదు. పాత ఊరి అబ్బాయి పక్కకి వంగి వాంతి చేసుకున్నాడు. చేసుకుని, మూతి తుడుచుకుని, మళ్ళీ అదే చోట కూర్చున్నాడు. ఆ మురుగు మా అమ్మాయి మోకాళ్ళని తాకి, చుడీదారులోకి పైపైకి ఎక్కింది. అమ్మాయి కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. ఏం చదువుతోందో తర్వాత అడిగితే, "ఏమీ లేదమ్మా. వాంతి రాకూడదని పదమూడో ఎక్కం" అంది.

మెట్టుకీ అమ్మాయికీ మధ్య నాలుగడుగులు. నేను దిగలేదు. మడిచీర కట్టుకుని ఉన్నాను, దిగలేకపోయాను. ఇన్నేళ్ళ నా శుచి అంతా కలిపి నన్ను ఆ మెట్టు మీద బిగించేసింది. ఆ కంపుకంటే నాకు ఆ క్షణంలో నా మీద పుట్టిన ఏవగింపు ఎక్కువ.

ఇస్త్రీ ఆవిడే వచ్చింది. బొగ్గుల పెట్టె పక్కన పెట్టి, కుచ్చిళ్ళు పైకి దోపి, బకెట్టుతో నీళ్ళు తెచ్చి ఆ బురదలోకి దిగి పిల్లల కాళ్ళ మీద పోసింది. మూడోసారి వెళ్తూ నన్ను చూసి ఆగింది.

"మీ ఇంట్లకెళ్ళి వచ్చిందే గదమ్మా. గంత భయపడ్తవేంది?"

ఆవిడకి నేనిప్పటికీ రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఆ నీళ్ళకీ, ఆ మాటకీ కూడా.

పోలీసులు వచ్చి పిల్లల్ని ఆ బట్టలతోనే తీసుకెళ్ళారు. స్టేషన్లో బల్ల పాడవుతుందని వరండాలో నేల మీద కూర్చోబెట్టారు. మావారూ నేనూ వెళ్ళేసరికి మిగతా పిల్లల తల్లిదండ్రులు వచ్చేశారు. పిల్లలు దారి ఆపారని, డ్రైవరుని తిట్టారని సెక్రటరీగారు ఫిర్యాదు రాసిచ్చి కూర్చున్నారు. ఎస్సైకి మా అమ్మాయికంటే ఓ ఐదేళ్ళు ఎక్కువ ఉంటాయేమో. మర్యాదగానే మాట్లాడాడు.

"చూడుండ్రి అమ్మా, పిల్లల భవిష్యత్తు నాకెందుకు ఖరాబ్ చెయ్యాలె? తప్పు జేసినం, ఎవరో చెప్తే తెల్వక కూసున్నం, ఇగ మళ్ళ చెయ్యం అని ఒక కాయితం రాసియ్యుండ్రి. అసోసియేషనోళ్ళకు, మాకు థ్యాంక్స్ అని కింద ఒక లైన్. అంతే. కేసుండదు. కంపెనీల వెరిఫికేషన్ల మళ్ళ ఫికర్ ఉండదు."

సెక్రటరీగారు తెల్ల కాయితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టారు. "అమ్మగారు రాస్తే ఇంక తిరుగుండదండి. మిగతావాళ్ళు దాన్నే కాపీ చేసుకుంటారు." తల్లిదండ్రులంతా నావైపే చూశారు. మావారు నా భుజం మీద చెయ్యి వేసి, "రాసెయ్యి. పిల్ల ఉద్యోగం" అన్నారు. 

నేను కాయితం పట్టుకుని వరండాలోకి వెళ్ళాను. అమ్మాయి గోడకి ఆనుకుని ఉంది. బురద ఎండి చుడీదారు అట్టలా బిగుసుకుపోయింది. ఈగలు. దాని దగ్గరికి వెళ్తుంటే నాకు డోకు వచ్చింది. కన్నకూతురిని చూసి డోకు.

"రాయమంటున్నారు" అన్నాను.

"రాస్తే నేను సంతకం పెట్టను. నిన్ను ఆపను కూడా. నీ ఇష్టం అమ్మా."

"ఎందుకే ఇంత? ఎవరు నేర్పారే నీకిదంతా?"

అది నావైపు వింతగా చూసింది. నిజంగా ఆశ్చర్యపోయింది. "నువ్వే కదా. నీళ్ళు దేవుడన్నావు."

నేల మీదే కూర్చున్నాను, దాని పక్కన. మడిచీరతోనే. ఒళ్ళో కాయితం పెట్టుకుని, అలవాటు కొద్దీ నమస్కారం అని మొదలుపెట్టాను. తర్వాత రాసింది నాకిప్పటికీ కంఠతా ఉంది. నేను ఇంతకుముందు ఒక ఉత్తరంలో అధికారులకి ధన్యవాదాలు చెప్పాను. అది తొందరపాటు. జరగని మేలుకి చెప్పిన ఆ ధన్యవాదాలను వెనక్కి తీసుకుంటున్నాను. మా కాంప్లెక్స్ మురుగు రోజూ కుంటలో పోస్తున్నారు. ఈరోజు దాన్ని ఆపిన పిల్లల మీద వాల్వు తిప్పి వదలడం నా కళ్ళతో చూశాను. తిప్పినవారు ఈ స్టేషన్లోనే ఉన్నారు. నా కూతురు తెలియక చేయలేదు. తెలిసి చేసింది. ఇది చూసి కూడా మెట్టు దిగనందుకు క్షమాపణ చెప్పవలసింది నేను.

కింద సంతకం పెట్టాను. చివర ధన్యవాదాలతో అన్న మాట లేకుండా నేను రాసిన మొదటి ఉత్తరం అది.

ఎస్సై చదివి రెండుసార్లు నావైపు చూశాడు. "నేనడిగిందేంది, మీరు రాసిందేంది అమ్మా?"

"మీరడిగింది నాకు రాయడం రాదు బాబూ. నేర్పలేదు."

సెక్రటరీగారు లేచి బయటికి వెళ్ళిపోయారు. మావారు తలవంచుకుని కూర్చున్నారు. ఇద్దరు పిల్లల తల్లిదండ్రులు విడిగా క్షమాపణ రాసిచ్చి పిల్లల్ని తీసుకెళ్ళారు. వాళ్ళని నేను తప్పు పట్టను. మిగిలిన నలుగురి మీదా కేసు రాసి, సాయంత్రానికి ఇళ్ళకి పంపారు. మూడో రోజు కంపెనీనుంచి అమ్మాయికి ఫోను వచ్చింది. కేసు తేలేదాకా రానక్కర్లేదన్నారు. అది మెడలో వేసుకునే ఆఫీసు కార్డు తీసి సొరుగులో పెట్టింది. ఆ రోజు అన్నం తినలేదు. నేనూ బతిమాలలేదు. పక్కన కూర్చున్నాను.

మావాళ్ళంతా ఫోన్లు చేశారు. ఈ కాలం పిల్లలు ఎందుకిలా చేస్తారని, ఫోన్లలో చూసి చెడిపోతున్నారని, ఎవరైనా వెనకుండి ఎగదోస్తున్నారేమోనని. ఉన్నారు, నేనే ఉన్నాను అని చెబితే నవ్వులాట అనుకున్నారు. మనం చిన్నప్పుడు ఒక మాట చెబుతాం. చెప్పి మరిచిపోతాం. వాళ్ళు దాన్ని పట్టుకుని పెద్దవాళ్ళై, ఆ మాట ప్రకారం ఒక్కటీ ఈ లోకంలో జరగడం లేదని చూస్తారు. అర్జీలు పెడతారు. మన ధన్యవాదాల ఉత్తరాలు వాళ్ళ అర్జీలకి అడ్డం పడతాయి. ఆ తర్వాత వాళ్ళ దగ్గర మిగిలేది ఒళ్ళొక్కటే. దాన్నే తెచ్చి అడ్డం పెడతారు. ఆ మురికి ఒంటికంటడం వాళ్ళకి అసహ్యం కాదనుకోకండి. మనకంటే ఎక్కువ అసహ్యం. అందుకే లేవరు.

మరుసటి సోమవారం నేను ఒక్కదాన్నే ఫిర్యాదులు తీసుకునే ఆ ఆఫీసుకి వెళ్ళాను. నా ఉత్తరం నాకు తిరిగి ఇమ్మన్నాను. గుమాస్తా చాలా ఫైళ్ళు వెతికి దాన్ని తీశాడు. పసుపు వెలిసింది.

"ఇది ఇయ్యరాదు అమ్మా. రికార్డు."

"అయితే అది చెల్లదని పక్కన రాయండి."

"ఫిర్యాదు వాపస్ తీసుకోనికి ఫారం ఉంది. థ్యాంక్స్ వాపస్ తీసుకోనికి లేదు." అతనికి నవ్వొచ్చింది. నాకూ రావలసిందే, రాలేదు. స్టేషన్లో రాసిందే మళ్ళీ రాసి తీసుకెళ్ళాను. దాన్ని అదే ఫైల్లో, పాత ఉత్తరం పైన పెట్టమని అతను పెట్టేదాకా నిలబడ్డాను. అందినట్టు ముద్ర వేయించుకున్నాను. ఈసారి మూలలకి పసుపు పెట్టలేదు. బయటికి వస్తుంటే అలవాటుగా థ్యాంక్స్ నోటిదాకా వచ్చింది. చూద్దాం, ముందు టాంకరు ఆగనీ అనుకుని మింగేశాను.

ఆగలేదు. మర్నాడు పన్నెండున్నరకి నైవేద్యం పెడుతుంటే టాంకరు హారను వినిపించింది. అమ్మాయి తన గదిలోంచి వచ్చి చెప్పులు వేసుకుంటోంది. "అమ్మా, కిందకి వెళ్ళొస్తా."

"ఎంతమంది ఉన్నారు?"

"నలుగురం."

నేను స్వామి ముందు కూర్చునే పీట తీశాను. నాన్నగారు చేయించిన టేకుపీట. ఆ రోడ్డు మీద ఒక్కసారి పెట్టాక దాన్ని మళ్ళీ పూజగదిలోకి తేకూడదు. తెలుసు. చంకలో పెట్టుకున్నాను. నేల మీద కూర్చుంటే నా మోకాళ్ళు లేవవు మరి. లిఫ్టుకి దణ్ణం పెట్టి కిందకి దిగాను. మెట్టు దగ్గర ఆగలేదు. ఇస్త్రీ ఆవిడ నన్నూ, పీటనీ చూసి బండి మీద పరిచిన దుప్పటి అంచు మడిచి, తానూ వచ్చి రోడ్డు మీద కూర్చుంది.

డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "అమ్మా, మీరు గూడనా?"

"అవును బాబూ" అన్నాను, పీట సర్దుకుంటూ. "ఇంజను ఆపెయ్యి. మొహం మీదికి వేడి కొడుతోంది."